తోడు వెళ్ళడం సరే, ఎంత దూరంలో కూర్చోవాలి?

ప్రశ్న: మాది టెక్సాస్‌లోని ఫ్రిస్కో. మా అమ్మాయికి పదిహేనేళ్ళు, టెంత్ గ్రేడ్. ఆర్కెస్ట్రా క్లాసులో దాని పక్కన వయొలిన్ వాయించే అమెరికన్ అబ్బాయి "శనివారం సినిమాకి వస్తావా, మనిద్దరమే" అని అడిగాడట. దాచకుండా వచ్చి నాతో చెప్పింది. మావారు మొదట ససేమిరా అన్నారు. రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. చివరికి "వెళ్తే వెళ్ళనీ, కానీ నువ్వు వెంట వెళ్ళు" అన్నారు. "అమ్మ వస్తే నేను వెళ్ళనే వెళ్ళను" అని ఇది ఏడుపు. గుంటూరు నుంచి మా అత్తయ్యగారు వచ్చి ఉన్నారు. శనివారం సాయంత్రం ఆవిడని హనుమాన్ గుడికి తీసుకెళ్ళాలి, ఈ సంగతి ఆవిడకి ఎలా చెప్పాలో తెలీదు. వచ్చే నెల స్కూల్లో హోమ్‌కమింగ్ డాన్సు కూడా ఉందంటున్నారు. ఆ అబ్బాయి వాళ్ళమ్మతో మాట్లాడాలా? వెళ్తే నేను ఎక్కడ కూర్చోవాలి? మేం ఇలాంటివి చూసి పెరిగినవాళ్ళం కాదు. పేరు వేయకండి.

సమాధానం:

మీ ఇంట్లో వెళ్ళాలా వద్దా అన్నది తేలిపోయింది. ఇప్పుడున్న పేచీ అంతా "వెంట" అనే మాట దగ్గర. మీవారి లెక్కలో వెంట అంటే కంటికి కనిపించేంత దగ్గర. మీ అమ్మాయి లెక్కలో వెంట అంటే పక్క కుర్చీలో అమ్మ, మధ్యలో పాప్‌కార్న్. ఎంత దూరమో ఎవరూ చెప్పలేదు కాబట్టి ఎవరికి తోచింది వాళ్ళు ఊహించుకుని ఒకరు కోప్పడ్డారు, ఒకరు ఏడ్చారు. ఆ దూరాన్ని ముందే అడుగుల్లోనూ నిమిషాల్లోనూ చెప్పేయండి. ఏడుపు సగం అక్కడే తగ్గుతుంది.

మా సలహా: ఒకే కప్పు కింద, వేరే గదిలో, కబురందిన రెండు నిమిషాల్లో చేరగలిగే చోట. అంటే వాళ్ళు హాల్లో, మీరు లాబీలో.

చూసి పెరగలేదన్నారు గానీ, చూశారు. పెళ్ళిచూపుల్లో కాఫీలయ్యాక ఎవరో పెద్దాయన "పిల్లలిద్దరూ అలా మేడమీదికి వెళ్ళి మాట్లాడుకోండి" అనేవాడు. మెట్ల తలుపు తీసే ఉండేది. పది నిమిషాలకి ఎవరో చిన్నపిల్లని మంచినీళ్ళిచ్చి పైకి పంపేవాళ్ళు. మాటలు వినపడనంత దూరం, కింద మనుషులున్నారని తెలిసేంత దగ్గర. ఇక్కడా అదే కొలత. కాకపోతే ఇందులో పెళ్ళి ప్రస్తావన లేదు, ఆ సంగతి మీవారికి విడమరిచి చెప్పండి. టెంత్ గ్రేడ్ పిల్లలు కలిసి సినిమాకి వెళ్తే ఇక్కడ దాన్నెవరూ సంబంధం కింద లెక్కేయరు. మూడు వారాల తర్వాత ఆ అబ్బాయి పేరు మీ ఇంట్లో వినపడకపోయినా వింత లేదు.

అన్నిటికన్నా ముందు ఆ అబ్బాయి వయసు కనుక్కోండి. "మా క్లాసే" అంటే ఈడూజోడూ అనుకుంటాం. అమెరికా హైస్కూల్లో తొమ్మిది నుంచి పన్నెండు దాకా, అంటే పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లలు ఒకే బిల్డింగులో ఉంటారు. ఆర్కెస్ట్రాలో అయితే వాయించే స్థాయిని బట్టి కలుపుతారు గనక ఒకే స్టాండు ముందు పదిహేనేళ్ళ పిల్ల, పద్దెనిమిదేళ్ళ సీనియర్ కూర్చోవచ్చు. పదిహేను, పదహారు అయితే ఈ జవాబులో మిగతాదంతా మీకు పనికొస్తుంది. పదిహేడు, పద్దెనిమిది అయితే ఇక్కడే ఆగిపోండి. టెక్సాస్‌లో శారీరక సంబంధానికి సమ్మతి చెప్పగలిగే వయసు 17, ఆ లోపు పిల్ల పక్కన పదిహేడు నిండిన కుర్రాడుంటే, గొడవంటూ వస్తే అది పెద్దవాళ్ళ చట్టం కిందికి వెళ్ళొచ్చు. అప్పుడు మీరు లాబీలో ఉన్నా, హాల్లో ఉన్నా ఒకటే, వద్దనే చెప్పండి.

సినిమా అనేది మొదటిసారికి అంత గొప్ప ఎంపిక కాదు, నిజం చెప్పాలంటే. రెండు గంటలు చీకట్లో, మాట్లాడుకోడానికి వీల్లేకుండా, పక్కవాడి మోచెయ్యి ఎక్కడుందా అని ఆలోచిస్తూ కూర్చోవాలి. బౌలింగో మినీ గోల్ఫో నయం. వెలుతురుంటుంది, చేతికి పని ఉంటుంది, మాటలు దొరక్కపోతే స్కోరు గురించి మాట్లాడుకోవచ్చు. ఇద్దరు కలిసి రెండు గేములు బౌలింగ్ ఆడితే గంట, పద్దెనిమిది హోల్స్ మినీ గోల్ఫ్‌కీ దాదాపు అంతే. మీకూ అవతలి చివర కాఫీ తాగుతూ కూర్చోడానికి చోటుంటుంది. ఈ మాట ఒక్కసారి మీ అమ్మాయితో అని చూడండి. వాళ్ళు సినిమాయే అంటే పట్టుబట్టకండి, అడిగింది ఆ అబ్బాయి, ఒప్పుకున్నది తను.

సినిమా అయితే మధ్యాహ్నం ఆట. టికెట్ కాస్త చవక, బయట వెలుతురు, పైగా ఆట అయ్యాక "ఇంకెక్కడికైనా వెళ్దాం" అనడానికి రాత్రి మిగలదు. లెక్క ఇలా వేసుకోండి. టికెట్ మీద 1.15 అని ఉంటే ప్రకటనలూ ట్రైలర్లూ కలిపి ఇరవై, పాతిక నిమిషాలు పోతాయి. గంటా యాభై నిమిషాల సినిమా అయితే బయటికొచ్చేసరికి మూడున్నర. పక్కనే బోబా టీయో ఐస్‌క్రీమో నలభై ఐదు నిమిషాలు ఇవ్వండి, అసలు మాటలు అక్కడే. నాలుగుంపావుకి కారెక్కితే అయిదు లోపు ఇంట్లో ఉంటారు. అత్తయ్యగారి గుడికి ఆలస్యం కాదు. ఆ నలభై ఐదు నిమిషాలు ముందే లెక్కలో లేకపోతే ఏమవుతుందంటే, సినిమా అయిపోగానే మీరు తలుపు దగ్గర నిలబడతారు, వాళ్ళు ఇంకో పది నిమిషాలంటారు, అక్కడే అందరి ముందూ బేరాలు మొదలవుతాయి.

రేటింగ్ చూడండి. 'ఆర్' రేటింగ్ సినిమాకి 17 ఏళ్ళ లోపు పిల్లలు తల్లిదండ్రో పెద్దవాళ్ళో పక్కన లేకుండా వెళ్ళకూడదు, థియేటర్లు వయసు కార్డు అడుగుతాయి. 'పీజీ-13' తల్లిదండ్రులకి ఒక హెచ్చరిక మాత్రమే, ఎవరినీ ఆపదు. పీజీ-13 టికెట్ కొని లోపలికెళ్ళాక ఆర్ సినిమా హాల్లో దూరడం పిల్లలకి తెలిసిన పాత చిట్కానే. మీ అమ్మాయి అలా చేస్తుందని కాదు గానీ, హాలు నంబరేమిటో ముందే తెలిసి ఉంటే అవసరమైతే ఎటు వెళ్ళాలో మీరు వెతుక్కోనక్కర్లేదు.

ఇక మీ కుర్చీ సంగతి. లాబీలో హాలు తలుపుకి ఎదురుగా కూర్చోకండి. బయటి గుమ్మం కనిపించే వైపు, గోడ పక్కన కూర్చోండి. ఎక్కడ కూర్చుంటారో అమ్మాయికి చెప్పి ఉంచండి, తల తిప్పి వెతుక్కోకుండా. రెండున్నర గంటలకి సరిపడా పని తెచ్చుకోండి. ఆ పేరుతో పక్క స్క్రీన్లో తెలుగు సినిమాకి మాత్రం దూరకండి. మనది రెండూ ముప్పావు గంటలు, వాళ్ళది గంటా యాభై. మీ క్లైమాక్సు ఫైటు నడుస్తుండగా అమ్మాయి బయట నిలబడి ఫోన్ చేస్తూ ఉంటుంది.

మీవారు హాల్లోనే ఉండాలని పట్టుబడితే, వెనక వరస తీసుకోకండి, ముందు వరస తీసుకోండి. వెనక కూర్చుంటే సినిమా అంతసేపూ ఆ పిల్లకి మెడ మీద కళ్ళున్నట్టే ఉంటుంది. ముందు కూర్చుంటే మీ తల తనకి కనిపిస్తుంది, మీకు తను కనిపించదు. అమ్మ ఇక్కడే ఉంది, కానీ చూడట్లేదు అన్నది రెండూ ఒకేసారి తెలుస్తాయి. లాబీ అని మాటిచ్చి మధ్యలో రెస్ట్‌రూమ్ పేరుతో హాల్లోకి తొంగిచూడటం మాత్రం వద్దు. పదిహేనేళ్ళ పిల్లలు దీన్ని వెంటనే పట్టేస్తారు. పట్టుకున్నాక, మాట తప్పే అమ్మకి చెప్పి ఏం లాభం అనుకుంటారు, వచ్చేసారి చెప్పకుండా వెళ్తారు. పిల్ల తనంతట తను వచ్చి చెప్పింది కదా, మీ చేతిలో ఉన్న అసలు ఆస్తి అదే. శనివారం ఏ పని చెయ్యబోయినా, ఇది చేస్తే మళ్ళీ చెబుతుందా అని ఒక్కసారి అనుకుని చెయ్యండి.

కారు మీదే. ఆ అబ్బాయికి పదహారు నిండి కొత్తగా లైసెన్స్ వచ్చి ఉండొచ్చు, "నేను తీసుకొస్తాను" అనొచ్చు. మర్యాదగా వద్దనండి. టెక్సాస్‌లో పద్దెనిమిది నిండని డ్రైవర్ లైసెన్స్ వచ్చిన మొదటి ఏడాది కుటుంబం కాని ఇరవై ఒక్క ఏళ్ళ లోపు వాళ్ళని ఒకరికి మించి ఎక్కించుకోకూడదు, అర్ధరాత్రి నుంచి అయిదింటిదాకా నడపకూడదు. ఇక్కడ మన తల్లిదండ్రులు పొరపడే చోటొకటుంది. "ఇద్దరే ఎందుకు, ఇంకో ఇద్దరు ఫ్రెండ్స్‌ని కలుపుకుని వెళ్ళండి, నాకు ధైర్యంగా ఉంటుంది" అంటారు. ఆ నలుగురూ ఆ అబ్బాయి కారులోనే ఎక్కితే అది చట్టం ఒప్పుకోని ప్రయాణం, పైగా కారులో తోటిపిల్లలు పెరిగేకొద్దీ కొత్త డ్రైవర్‌కి ప్రమాదం పెరుగుతుంది. నలుగురూ కలిసి వెళ్ళడం మంచి ఆలోచనే, కానీ ఎవరికి వాళ్ళ ఇంటి కారుండాలి.

తమ్ముడుంటే వాణ్ణి తోడు పంపకండి. మన ఇళ్ళల్లో ఇది పాత అలవాటు. వాడు కాపలా కాయడు, వార్తలు మోస్తాడు. నెల్లాళ్ళపాటు అక్క దగ్గర ఐప్యాడ్ వసూలు చేస్తాడు.

ఆ అబ్బాయి వాళ్ళమ్మతో తప్పకుండా మాట్లాడండి. పిల్లల ద్వారా నంబరు తీసుకోండి, ఉన్నట్టుండి ఫోన్ చేయకుండా ముందు మెసేజ్ పెట్టండి: నేను ఫలానా అమ్మాయి తల్లిని, శనివారం ఏర్పాట్ల గురించి అయిదు నిమిషాలు మాట్లాడదామా అని. ఫోన్లో చెప్పాల్సినవి కొన్నే. ఏ థియేటరు, ఏ ఆట, ఎన్నింటికి అయిపోతుంది. మా అమ్మాయిని నేనే దింపుతాను, నేనే తీసుకెళ్తాను. నేను లాబీలో ఉంటాను. ఇక్కడి తల్లులు పదిహేనేళ్ళ పిల్లల విషయంలో ఇలాంటి ఫోన్‌ని తప్పుపట్టరు, చాలామందికి ఊరటగానే ఉంటుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, "మా కల్చర్‌లో ఇలాగే" అని మొదలుపెట్టకండి. అలా అన్నారంటే మీ పిల్లని వేరే జాతి మనిషిని చేసి వాళ్ళ ముందు నిలబెట్టినట్టే. "పదిహేనేళ్ళే కదా, మొదటిసారి కదా, నేను దగ్గర్లో ఉంటాను" అంటే ఏ దేశం తల్లికైనా అర్థమవుతుంది. వాళ్ళాయన ఏం చేస్తారు, ఏ కంపెనీ, సొంతిల్లేనా అన్నవి మన నోటికి అలవాటైన ప్రశ్నలు, ఈ ఒక్క ఫోన్‌లో మింగేయండి.

ఆవిడకి ఈ సంగతే తెలియదనుకోండి, ఫోన్లో అవతల ఒక్క క్షణం నిశ్శబ్దంగా ఉంటుంది. అప్పుడు మీరు ఇంకేమీ చెప్పకుండా "పిల్లాడితో మాట్లాడి చెప్పండి, తొందరేం లేదు" అని పెట్టేయండి. వాడు ఇంట్లో చెప్పుకున్నాక వచ్చే శనివారం చూసుకోవచ్చు. మీ అమ్మాయికి కూడా అదే మాట చెప్పండి. తను ఇంట్లో చెప్పింది, అవతలివాళ్ళూ చెప్పాలని తను కోరుకోవడంలో తప్పేం లేదు.

డబ్బులు తన దగ్గరే ఉండాలి. నలభై డాలర్లు, నాలుగు పదులుగా ఇవ్వండి. పిలిచినవాడే కొంటాడా, ఎవరిది వాళ్ళేనా అన్నది వాళ్ళు తేల్చుకుంటారు, కానీ తన టికెట్ తను కొనుక్కోగలనన్న ధీమాతో వెళ్ళాలి. వాడు టికెట్ కొంటే తను పాప్‌కార్న్ కొనొచ్చు. చలికి ఒక హుడీ తీసుకెళ్ళమనండి. ఈ థియేటర్లలో ఏసీ సెప్టెంబరులో కూడా వణికిస్తుంది, హుడీ లేకపోతే పిల్ల ఆ అబ్బాయి జాకెట్‌లో ఇంటికొస్తుంది, మీవారికి మళ్ళీ రెండు రోజులు మాటలుండవు. ఏ బట్టలు వేసుకోవాలన్నది శుక్రవారం రాత్రే తేల్చేయండి. కారు తాళాలు చేతిలో పెట్టుకుని గుమ్మం దగ్గర మొదలైన బట్టల గొడవ హాలు దాకా వస్తుంది. శనివారం మాంసం ముట్టని ఇల్లయితే ఆ మాట తనే ఆ అబ్బాయికి చెప్పనివ్వండి, మీరు వాళ్ళమ్మకి చెప్పక్కర్లేదు.

ఫోన్ విషయంలో ఎక్కువమంది తల్లులు పాడుచేసుకునేది మెసేజీలతోనే. ఒప్పందం రెండు మెసేజీలు: సీట్లో కూర్చున్నాక ఒకటి, సినిమా అయ్యాక ఒకటి. రెండూ తనవే. మీ వైపు నుంచి సున్నా. పది నిమిషాలకోసారి "ఓకేనా?" అని పెడితే పక్కనున్న అబ్బాయికి ఆ వెలుగు కనిపిస్తూనే ఉంటుంది. నిజంగా అవసరమై మీరే ఫోన్ చేయాల్సి వస్తే, సైలెంట్‌లో ఉన్నా మోగే ఏర్పాటు ఐఫోన్‌లో ఉంది. తన కాంటాక్టుల్లో మీ పేరు తెరిచి, ఎడిట్‌లో రింగ్‌టోన్ దగ్గర 'ఎమర్జెన్సీ బైపాస్' ఆన్ చేయించండి. లొకేషన్ షేర్ చేసుకున్నా, పెద్ద భవనాల లోపల ఆ చుక్క నిలకడగా ఉండదు. పిల్ల సీట్లోనే ఉన్నా చుక్క పార్కింగ్ లాట్‌లోకో పక్క రెస్టారెంట్‌లోకో గెంతుతుంది. దాన్ని చూసి పరుగెత్తకండి.

రహస్య సంకేతం ఒకటి పెట్టుకోండి. అక్కడుండటం ఇష్టం లేకపోతే మీకు పంపాల్సిన వాక్యం. మీకున్న వసతి ఏమిటంటే, తెలుగులో పెడితే పక్కవాడు చదివినా అర్థం కాదు. తను ఈ జన్మలో మిమ్మల్ని అడగని ప్రశ్న అయితే పొరపాటు పడే వీలుండదు. "అమ్మా, కుక్కర్ కట్టేశావా?" బాగా పనిచేస్తుంది. అది రాగానే మీరు తిరిగి మెసేజ్ పెట్టకూడదు. ఫోన్ చేసి పక్కవాళ్ళకి వినపడేంత గట్టిగా "పని పడింది, వెంటనే బయటికి రా" అనాలి. తప్పంతా మీ మీద పడాలి. "మా అమ్మ ఇంతే" అని కళ్ళు తిప్పుకుంటూ రావడానికి దానికి దారి ఉండాలి. కారులో ఏమైందని అడగొద్దు. మర్నాడు అడగండి. అదే రోజు విచారణ పెడితే రెండోసారి ఆ కుక్కర్ మెసేజ్ రాదు.

నిజానికి ఇలాంటి రోజుల్లో భయపడ్డవేవీ జరక్కుండా జరిగేది ఇంకొకటుంది. ప్లాను జారిపోతుంది. టికెట్లు అయిపోయాయి, లేదా సినిమా బాలేదు, "వాళ్ళింట్లో పెద్ద టీవీ ఉందట, అక్కడ చూస్తాం" అంటారు. అబద్ధమేం కాదు, పిల్లలకి నిజంగా అలాగే తోస్తుంది. కాబట్టి ముందే ఒక్క నియమం: చోటు మారితే మెసేజ్ చాలదు, నా దగ్గరికొచ్చి చెప్పాలి. ఆ ఇంట్లో పెద్దవాళ్ళున్నారో లేదో మీరు వాళ్ళమ్మకి ఫోన్ చేసి కనుక్కుంటారు, లేకపోతే బోబా షాపే. మాల్‌కి మారితే ఇంకో చిక్కుంది. పెద్దవాళ్ళు లేకుండా టీనేజర్లు తిరగకూడదనే వేళలు అమెరికాలో చాలా మాల్స్ పెట్టాయి. మిన్నెసోటాలోని మాల్ ఆఫ్ అమెరికా 1996లోనే మొదలుపెట్టింది. మీరు వెళ్ళే మాల్ వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి, సెక్యూరిటీ అతను ఆపాక తెలియడం కన్నా నయం.

ఆ అబ్బాయి వచ్చి పలకరిస్తాడు. ఆంటీ అనకపోతే, పేరు పెట్టి పిలిస్తే, పొగరనుకోకండి, వాడికి ఆ పిలుపు తెలియదు. చెయ్యి కలిపి రెండు మాటలు మాట్లాడి వదిలేయండి. ఫోటోలు తీయకండి. తీసినా గుంటూరు వాట్సాప్ గ్రూపుకి వెళ్ళకూడదు. విడిపోయేటప్పుడు ఇక్కడి పిల్లలు ఒక కౌగిలి ఇచ్చుకుని వెళ్తారు, ఆడపిల్లలు ఆడపిల్లలకీ ఇస్తారు, అది "బై" కింద లెక్క. మీవారికి ఇది ముందే చెప్పి ఉంచండి. ఫ్రిస్కోలో ఏ థియేటర్‌కి వెళ్ళినా తెలిసిన తెలుగువాళ్ళు ఒకరైనా తగులుతారు, "మీ అమ్మాయిలా ఉందే!" అంటారు. "అవును, నేనే తీసుకొచ్చాను" అంటే చాలు, ఆ మాట ముందు ఏ గుసగుసా నిలబడదు. మీరు లాబీలో ఉండటంలో ఉన్న పెద్ద లాభాల్లో ఇదొకటి.

కొన్ని మాటలు ముందే, గురువారమో శుక్రవారమో, కారులో చెప్పండి. ఇద్దరి కళ్ళూ రోడ్డు మీద ఉంటాయి గనక ఇబ్బంది తక్కువ. చెయ్యి పట్టుకోవడం దగ్గర్నుంచి ఏదైనా తనకి నచ్చితేనే. వద్దనిపిస్తే "వద్దు" అన్న ఒక్క మాట చాలు, కారణం చెప్పక్కర్లేదు, సారీ చెప్పక్కర్లేదు. ఎవరైనా బట్టల్లేని ఫోటో అడిగితే పంపకూడదు, తనకొస్తే ఇంకొకరికి పంపకూడదు. పిల్లలు పిల్లలకి పంపుకున్నా టెక్సాస్‌లో అది నేరం కిందికి రావచ్చు. ఇది చెప్పి అక్కడితో ఆపేయండి. మూడు నిమిషాల మాటని ముప్పై నిమిషాల ఉపన్యాసం చేస్తే మొదటి మూడు నిమిషాలు కూడా వృథా.

అత్తయ్యగారితో అబద్ధం చెప్పకండి, పిల్లతో చెప్పించకండి. "క్లాసులో ఫ్రెండ్‌తో సినిమాకి వెళ్తోందత్తయ్యా, నేనూ వెళ్తున్నాను" అంటే నిజమే, చాలు కూడా. "అబ్బాయా?" అని ఆవిడే అడిగితే "అవును, క్లాసు అబ్బాయి, నేను అక్కడే ఉంటాను" అనండి. ముందు మీరు ఆ మాట తడబడకుండా అంటే ఆవిడకీ తడబాటు ఉండదు. ఈలోగా ఆవిడకి పులిహోర కలిపే పనో తులసిమాల కట్టే పనో ఉంటే మంచిదే. మీవారికి కూడా పని అప్పజెప్పండి. థియేటర్‌కి రావొద్దు, తల్లీతండ్రీ ఇద్దరూ లాబీలో కూర్చుంటే అది పోలీస్ స్టేషన్ అవుతుంది. వాళ్ళమ్మగారిని గుడికి సిద్ధం చేసే పని ఆయనదే. మీకు ఏ కారణంగా ఆలస్యమైనా ఆయనే తీసుకెళ్తారు. అయిదు గంటలకి అమ్మాయి ఇంట్లో అడుగుపెట్టేసరికి ఆయన సోఫాలో చేతులు కట్టుకుని కూర్చుని ఉండకపోవడం అందరికీ మంచిది.

హోమ్‌కమింగ్ సంగతి. ఇది సరిగ్గా జరిగితే అబ్బాయి దానికీ అడగొచ్చు. శుక్రవారం ఫుట్‌బాల్ ఆట, శనివారం రాత్రి స్కూల్లో డాన్స్. టెక్సాస్‌లో దీనికో ప్రత్యేకం ఉంది, 'మమ్' అంటారు. మమ్ అంటే చామంతే. ఒకప్పుడు నిజం చామంతి పువ్వు గుచ్చుకునేవాళ్ళు, ఇప్పుడు గుడ్డతో చేసిన పళ్ళెమంత పువ్వు, దానికి స్కూలు రంగుల్లో మోకాళ్ళ దాకా వేలాడే రిబ్బన్లు, గంటలు, మధ్యలో టెడ్డీ బేరు. అబ్బాయి అమ్మాయికి ఇస్తాడు, శుక్రవారం స్కూలంతా అది వేసుకుని తిరుగుతుంది. అమ్మాయి అబ్బాయికి చేతికి కట్టుకునే చిన్న 'గార్టర్' ఇవ్వాలి, అది మీ ఖర్చు. చేయించుకునేవి వారాల ముందే ఆర్డరివ్వాలి, పెద్దవి వందల డాలర్లవుతాయి, కాబట్టి ఎంతలో అన్నది ఇద్దరు తల్లులూ ముందే అనుకుంటే మంచిది. క్రాఫ్ట్ దుకాణంలో సామాను కొని ఇంట్లో కట్టుకోవచ్చు. దండలు కట్టిన చేయి ఇంట్లోనే ఉంది, అత్తయ్యగారిని కూర్చోబెట్టండి. డాన్సులో కాపలా స్కూలువాళ్ళదే, మామూలుగా తల్లిదండ్రుల్ని లోపలికి రానివ్వరు. చాలా స్కూళ్ళలో ఒకసారి బయటికొస్తే మళ్ళీ లోపలికి పంపరు. అప్పటికి మీ దూరం లాబీ నుంచి ఇంటికి మారుతుంది. మీరు ఇంట్లో, కారు తాళం చేతికందేలా, పిలిస్తే పదిహేను నిమిషాలు. శనివారం రోజున రెండు మెసేజీలూ టైముకొచ్చి, నాలుగుంపావుకి పిల్ల బోబా షాపు గుమ్మంలో ఉంటే ఆ దూరానికి తను అర్హురాలే. మాట తప్పితే ఇంకోసారి లాబీయే. ఈ లెక్క ముందే చెప్పండి, శిక్షలా అనిపించదు.

తిరిగొచ్చేటప్పుడు మొదటి పది నిమిషాలు ఏమీ అడగకండి. ఎలా ఉన్నాడు, ఏం మాట్లాడుకున్నారు, మళ్ళీ వెళ్తావా, ఏదీ వద్దు. నోరు ఆగకపోతే "తిన్నావా?" అనండి, మన ఇళ్ళల్లో అన్ని సంగతులూ అక్కణ్ణుంచే మొదలవుతాయి. ఏమీ చెప్పకుండా ఫోన్ చూసుకుంటే చూసుకోనివ్వండి. చెప్పడం మొదలుపెడితే మాత్రం, గుడికి టైమవుతోందని తొందరపడకండి. మీవారికి చిన్న మెసేజ్ పెట్టమని దానికే చెప్పి, మీ ఇంటి మలుపు దాటించి కారు ఒక చుట్టు ఎక్కువ తిప్పండి.